పరికరానికి నోరు మనమే చేసుకోవచ్చు

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నేను చూసిన కాలేజీ ల్యాబుల్లో గుడ్డ కప్పిన పరికరం ఒకటి మూలన ఉండనే ఉంటుంది. ఒకచోట ఫ్లేమ్ ఫోటోమీటరు, ఇంకోచోట అయాన్ మీటరు, గ్రాంటు గట్టిగా వచ్చిన చోట అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రం. అన్నీ నీళ్లలో, మట్టిలో ఏది ఎంతుందో కొలిచేవే. అడిగితే "ఖరాబైంది" అంటారు. గుడ్డ తీసి స్విచ్చి వేస్తే చాలాసార్లు దీపం వెలుగుతుంది, డిటెక్టరు పలుకుతుంది, అంకెలు కదులుతాయి. చెడిపోయింది నమూనా లోపలికి పోయే దారి ఒక్కటే. వెంట్రుకంత సన్నటి కేపిలరీలో ఉప్పు గడ్డకట్టి ఉంటుంది, లేదా పంపు ట్యూబు పగిలి ఉంటుంది. ఒక్కోసారి అన్నీ బాగానే ఉండి, నమూనాలను చేత్తో ఒక్కొక్కటే పెట్టి తీసే ఓపిక ఎవరికీ లేక పక్కన పడి ఉంటుంది. లక్షల రూపాయల పరికరానికి నోరు మూతపడింది, అంతే.

ఆ నోరు మనమే చేసుకోవచ్చు అన్నది నా వాదన. గతిలేక చేసే పనిగా కాదు. విశ్లేషణ రసాయన శాస్త్రం పనిచేసే తీరే అందుకు ఒప్పుకుంటుంది. అయితే చేసిన వస్తువు చవకా కాదా అన్నది బిల్లు చూసి తేల్చొద్దు. అది సరిగ్గా పనిచేస్తోందని రుజువు చేయడానికి పట్టిన శ్రమ కూడా ఖర్చులో రాయాలి. మొదటి మాట కొటేషన్లు తెప్పించేవాళ్లకు నచ్చదు, రెండో మాట "జుగాడ్" (దొరికినదాంతో ఎట్లాగో పని నడిపించడం) అని చప్పట్లు కొట్టేవాళ్లకు నచ్చదు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

పరికరాలు అమ్మేవాళ్ల కరపత్రాల్లో డిటెక్టరు గురించి పేజీలకు పేజీలుంటాయి. నమూనా లోపలికెట్లా పోతుందన్నది చివర్లో రెండు ముక్కలు. రసాయనవేత్తలకు మాత్రం ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1984లోనే రిచర్డ్ బ్రౌనర్, ఆండ్రూ బూర్న్ అనే ఇద్దరు అటామిక్ స్పెక్ట్రోస్కోపీకి (పరమాణువుల కాంతితో మూలకాలను కొలిచే పద్ధతికి) ఉన్న అసలు బలహీనత నమూనా ప్రవేశమేనా అని అడుగుతూ 'అనలిటికల్ కెమిస్ట్రీ' పత్రికలో వ్యాసం రాశారు. ప్లాస్మా అనే అతి వేడి వాయువులోకి నమూనాను పంపి మూలకాలను కొలిచే ఐసీపీ యంత్రాన్నే తీసుకోండి. ద్రావణాన్ని ఆర్గాన్ వాయువుతో తుంపరగా కొడతారు. పెద్ద చుక్కలన్నీ స్ప్రే ఛాంబర్ గోడలకు తగిలి డ్రెయిన్‌లోకి జారిపోతాయి. పది మైక్రాన్లకు అటూ ఇటూ ఉన్న సన్న చుక్కలే ప్లాస్మా దాకా పోతాయి. ఇట్లా వాయువుతో తుంపర కొట్టే మామూలు న్యూమాటిక్ నెబ్యులైజరుతో మనం పోసిన నూరు పాళ్లలో కొలతకు అందేది ఒకటి నుంచి అయిదు పాళ్లు. మిగతాదంతా క్యాన్‌లోకి.

నూటికి రెండు పాళ్లే చేరినప్పుడు ఫలితం ఎట్లా సరిగ్గా వస్తుంది? పరికరానికి గాఢత అంటే ఏందో తెలియదు కాబట్టి. దానికి పోల్చడం ఒక్కటే వచ్చు. తెలిసిన గాఢత ఉన్న స్టాండర్డు పోసినప్పుడు ఎంత సిగ్నల్ వచ్చింది, బోరు నీళ్లు పోసినప్పుడు ఎంత వచ్చింది, ఆ రెంటి నిష్పత్తే మన జవాబు. దారిలో నష్టం ఎంతైనా ఉండనీ, రెండుసార్లూ అంతే ఉండాలి.

ఈ సూత్రాన్ని దాని చివరి దాకా తీసుకుపోయినవాళ్లు డెన్మార్క్‌లో యారోమిర్ రుజిచ్కా, ఎలో హాన్సెన్. అంతకు ముందు, 1957లో స్కెగ్స్ తెచ్చిన ఆటో అనలైజర్లలో నమూనాల మధ్య గాలి బుడగలు పెట్టి, ప్రతిదీ పూర్తిగా కలిసి స్థిరపడేదాకా ఆగేవాళ్లు. 1975లో ఈ ఇద్దరూ ఆ ఆగడమే అనవసరం అన్నారు. పారుతున్న సన్నటి ధారలోకి కొలిచిన పరిమాణంలో నమూనాను వదిలితే, అది ధారలో కొంత చెదిరి, కొంత కలిసి డిటెక్టరు దగ్గరికి చేరుతుంది. పూర్తిగా కలవాల్సిన పనిలేదు. ప్రతి నమూనా అంతే చెదరాలి, అంతే సమయానికి చేరాలి. దీన్ని ఫ్లో ఇంజెక్షన్ అనాలిసిస్ అంటారు. మొదట్లో వాళ్లు నమూనాను మామూలు సిరంజితోనే ఎక్కించారు. తొలినాటి అమరికలకు పిల్లలాడుకునే లెగో దిమ్మెలు కూడా వాడారు. కాబట్టి ఇంట్లో చేసిన వస్తువుతో పెద్ద కొలతలేంటి అనేవాళ్లు ఈ పద్ధతి పుట్టిన తీరు ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మన దగ్గర దీని అవసరం ఫ్లోరైడ్ దగ్గర మొదలవుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. మన జిల్లా పేరు లోకమంతా ఎక్కిన సందర్భం అది, గర్వపడే సందర్భం కాకపోయినా. ఇప్పుడు మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి, తాగే నీళ్ల సంగతి మారింది. కానీ బోర్లు మూతపడలేదు. పొలానికి, పశువులకు, కొన్ని ఇళ్లలో వంటకు కూడా అవే నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చే మా పిల్లలు ప్రాజెక్టు అంటే చాలు, ఇంటి బోరు నీళ్లు సీసాల్లో పట్టుకొస్తారు. వాళ్లు అడిగేది ఒక్కటే: "సార్, మావి ఎంతున్నయి?" భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా మంచిది. వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు. అంటే పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఆ సగం మిల్లీగ్రాములోనే తేలాలి.

కొలిచేది ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు. లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికంతో ఫ్రాంట్, రాస్ 1966లో తెచ్చిన ఈ ఎలక్ట్రోడు ఇప్పటికీ అంతే నమ్మకస్థురాలు. అది మిల్లీవోల్టుల్లో మాట్లాడుతుంది. 25 డిగ్రీల దగ్గర గాఢత పదింతలైతే సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. ఈ లెక్కన 1.0కీ 1.5కీ మధ్య తేడా పది మిల్లీవోల్టులకు కాస్త ఎక్కువ. ఒక్క మిల్లీవోల్టు అటూ ఇటూ అయిందంటే జవాబులో నాలుగు శాతం పోయినట్టే. అందుకే చేత్తో చేసేటప్పుడు బీకరు, స్టిర్రరు, కడగడం, తుడవడం, అంకె నిలబడేదాకా చూడడం. ఒక్కో నమూనాకు నిమిషాలు పోతాయి. సీసాలు ఒక తరగతి నిండా వస్తే సాయంత్రానికి కూడా తెమలదు, చివరి సీసాల దగ్గర చెయ్యి సరిగ్గా ఆడదు.

ఈ పనికి మేం పెట్టుకున్నది సెలైన్ సెట్టు. ఆసుపత్రి ముందు మందుల షాపులో దొరికే మామూలు ఐవీ సెట్టు, దానికి గట్టి సీసా, రెండు త్రీ వే స్టాప్‌కాక్‌లు. స్టాండుకు వేలాడదీసిన రోజు మా అటెండరు వచ్చి చూసి, "ఏంది సార్, గ్లూకోజ్ ఎక్కిస్తున్నరు? ఎవరికి పాణం బాగలేదు?" అన్నాడు. "నీళ్లకే బాగలేదన్నా" అన్నా.

నవ్వులాట పక్కన పెడితే, ఈ సెట్టులో ఉన్న భౌతికశాస్త్రం చూడదగ్గది. ధార నిలకడగా పారాలంటే పైనున్న ఒత్తిడి మారకూడదు. మామూలుగా సీసా ఖాళీ అవుతున్నకొద్దీ నీటి మట్టం దిగి, వేగం తగ్గుతుంది. కానీ గట్టి సీసాకు గాలి రంధ్రం ఉన్న సెట్టు గుచ్చితే, గాలి అడుగున మూతి దగ్గరే లోపలికొచ్చి బుడగలుగా పైకి పోతుంది. ఆ మూతి దగ్గర ఒత్తిడి ఎప్పుడూ వాతావరణ పీడనమే. సీసా నిండుగా ఉన్నా, సగమైనా వేగం అదే. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన మారియట్ పేరుతో ఉన్న సీసా సరిగ్గా ఇదే. మెత్తటి సంచీ వాడితే మాత్రం ఈ సుఖం లేదు. సంచీ ముడుచుకుపోతుంది, మట్టంతో పాటే వేగమూ దిగుతుంది. సెట్టుతో ఇంకో మేలు, కింద ఉన్న డ్రిప్ ఛాంబరు బుడగలను అక్కడే ఆపుతుంది, చుక్కలు లెక్కపెట్టుకోనిస్తుంది. మామూలు సెట్టులో ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు, మైక్రో సెట్టులో అరవై. ఇంత చవకగా దొరికే ఫ్లో మీటరు ఇంకెక్కడుంది?

సెట్టులో పనికిరానిది రోలర్ క్లాంపు. వేగాన్ని సరిచేయడానికి అందరి చెయ్యీ ముందు దానిమీదికే పోతుంది. కానీ నొక్కుడు పడిన పీవీసీ గొట్టం మెల్లగా రూపు మార్చుకుంటూ పోతుంది, గంట గడిచేసరికి వేగం మారిపోతుంది. రోగికి అది పెద్ద తేడా కాకపోవచ్చు, మనకు కొంప మునుగుతుంది. క్లాంపును పూర్తిగా తెరిచి వదిలేసి, చివర సన్నటి టెఫ్లాన్ గొట్టం పెట్టి దాని పొడవుతోనే వేగాన్ని నిర్ణయించాలి. లెక్క వేసుకోండి: అర మిల్లీమీటరు లోపలి వ్యాసం, ఒక మీటరు పొడవు ఉన్న గొట్టం, ఒక మీటరు ఎత్తు తేడా ఉంటే 25 డిగ్రీల దగ్గర నిమిషానికి దాదాపు ఒక మిల్లీలీటరు పారుతుంది. వ్యాసం 0.8కి పెంచితే అదే ఎత్తులో ఆరున్నర మిల్లీలీటర్లు. వ్యాసార్ధం నాలుగో ఘాతం మీద వేగం ఆధారపడుతుంది కాబట్టి గొట్టం లోపలి వ్యాసంలో పదో వంతు తేడా వస్తే వేగంలో దాదాపు సగం తేడా వస్తుంది. అందుకని ఒకే చుట్టలోంచి కోసిన ముక్కలు వాడాలి. రెండో చుట్ట కొంటే మళ్లీ తూచుకోవాలి. తూచడానికి తక్కెడ చాలు: నిమిషం పాటు పట్టిన నీళ్లు ఎన్ని గ్రాములో దాదాపు అన్ని మిల్లీలీటర్లు.

రెండు స్టాప్‌కాక్‌ల మధ్య 0.8 మిల్లీమీటర్ల గొట్టం ఇరవై సెంటీమీటర్లు బిగిస్తే నూరు మైక్రోలీటర్ల లూపు అయింది. ఒకవైపు తిప్పితే లూపు నమూనాతో నిండుతుంది, ఇంకోవైపు తిప్పితే ధార దాన్ని ఊడ్చుకుపోతుంది. ల్యాబు క్యాటలాగుల్లో ఉండే ఆరు మార్గాల రోటరీ వాల్వు ఈ పనే చేస్తుంది, ఇంకా చక్కగా, వేల రూపాయలకు. రెండో సీసాలోంచి టిసాబ్ బఫర్ (అన్ని నమూనాల్లో ఉప్పు, ఆమ్లత ఒకే తీరుగా ఉంచే ద్రావణం) వచ్చి కలుస్తుంది, ఆ కలిసిన ధారే ఎలక్ట్రోడు దగ్గరికి పోతుంది. ఈ బఫర్ ఉప్పు, ఎసిటిక్ ఆమ్లం వల్ల నీళ్లకంటే కాస్త చిక్కగా ఉంటుంది. రెండు సీసాలూ ఒకే ఎత్తులో పెడితే రెండు ధారలూ సమానంగా రావు. బఫర్ సీసాను కొద్దిగా పైకి జరపాలి.

బఫర్ గురించి ఇంకొక మాట, మన జిల్లావాళ్లకు మరీ ముఖ్యం. నల్లగొండ పద్ధతిలో శుద్ధి చేసిన నీళ్లలో పటిక తాలూకు అల్యూమినియం కొంత మిగిలిపోవచ్చు. అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది, అలా పట్టుబడిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుకు కనిపించదు. టిసాబ్‌లో ఉండే, లోహాలను పట్టే సీడీటీఏ అనే రసాయనం వచ్చి అల్యూమినియాన్ని తనవైపు లాక్కుంటేనే ఫ్లోరైడ్ బయటపడుతుంది. ఖరీదు ఎక్కువని సీడీటీఏ లేకుండా బఫర్ చేసుకుంటే శుద్ధి చేసిన నీళ్లు ఉన్నదానికంటే మంచివిగా కనిపిస్తాయి. చేత్తో చేసేటప్పుడు ఆ విడుదలకు బీకరులో కావలసినంత సమయం ఉంటుంది. ధారలో ఉండేది కొద్ది క్షణాలే. అందుకే పటిక వేసిన నీళ్లను బఫర్‌తో ముందే కలిపి నిలవ ఉంచి ఆ తర్వాతే లూపులోకి ఎక్కించాలి. సొంతంగా చేసుకున్నవాడికి ఇవన్నీ తెలుస్తాయి, తెలియక తప్పదు.

గ్రావిటీ ధారకు నేను మొగ్గు చూపడానికి పంపు కొనలేకపోవడం ఒక్కటే కారణం కాదు. పెరిస్టాల్టిక్ పంపు రోలర్లతో గొట్టాన్ని నొక్కుతూ నెడుతుంది, కాబట్టి ధార కొట్టుకుంటుంది. ఎలక్ట్రోడుతో కొలిచేచోట ఆ కొట్టుకోవడం మిల్లీవోల్టుల్లో కనిపిస్తుంది. రెండు మిల్లీవోల్టుల ఊగిసలాట అంటే ఎనిమిది శాతం. వేలాడదీసిన సీసాకు ఆ గుండెదడ లేదు. తక్కువ ధర వస్తువు ఎక్కువ ధర వస్తువు కంటే మేలైన సందర్భాలు ఉంటాయి, ఇది అందులో ఒకటి.

పంపు గెలిచే చోటు కూడా చెప్పాలి. అది ఎండ. నీటి చిక్కదనం 20 డిగ్రీల దగ్గర 1.0 ఉంటే 40 దగ్గర 0.65కు పడిపోతుంది. డిసెంబరు పొద్దున నిమిషానికి ఒక మిల్లీలీటరు పారిన గొట్టం మే నెల మధ్యాహ్నం ఒకటిన్నర పారుతుంది. ఎలక్ట్రోడు వాలు (గాఢత పదింతలైతే వచ్చే మార్పు) కూడా 58 నుంచి 62 మిల్లీవోల్టులకు జరుగుతుంది. ఏసీ ఉన్న ల్యాబులో రాసిన పద్ధతి పుస్తకాలకు ఈ బాధ తెలియదు. మనకు మందు ఒకటే: పొద్దున గీసిన స్టాండర్డు గీతను సాయంత్రం వాడొద్దు. నమూనాల మధ్య మధ్యలో స్టాండర్డును పెట్టుకుంటూ పోవాలి. నమూనాలు, స్టాండర్డులు రెండూ అదే బల్లమీద, అదే గాలిలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టాండర్డును నేరుగా పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు రుజువు సంగతి. సొంత పరికరంతో వచ్చిన అంకెను ఎవరైనా ఎందుకు నమ్మాలి? నమ్మాల్సిన పనిలేదు, చూపించాలి. ఒకే స్టాండర్డును వరసగా పదిసార్లు ఎక్కించి శిఖరాలు (నమూనా దాటేటప్పుడు సిగ్నల్ లేచే ఎత్తులు) ఎంత దగ్గరగా వచ్చాయో చూడాలి. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నమూనా తర్వాత వరసగా బ్లాంకులు, అంటే ఫ్లోరైడ్ లేని నీళ్లు పెట్టి, ముందుదాని ఎంగిలి ఎంత మిగిలిందో చూడాలి. తెలిసినంత ఫ్లోరైడ్‌ను బోరు నీళ్లలోనే కలిపి తిరిగి ఎంత దొరికిందో చూడాలి. ఈ చివరిదే అసలు పరీక్ష. స్టాండర్డులు డిస్టిల్డ్ వాటర్‌లో ఉంటాయి, మన బోరు నీళ్లలో బైకార్బొనేటు, ఉప్పు దండిగా ఉంటాయి. రెంటికీ దారి ఒకే తీరుగా నడుస్తోందా లేదా అన్నది దీంతోనే తేలుతుంది. చివరగా కొన్ని సీసాలను చేత్తో, బీకరులో, పాత పద్ధతిలో చేసి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాలి. ఈ నాలుగూ చేయకుండా "మేం తక్కువ ఖర్చుతో ఫ్లో ఇంజెక్షన్ చేశాం" అని పోస్టరు అంటించడం నాకు నచ్చదు. పోస్టర్ల పోటీల్లో పరికరం ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పునరావృత లోపం, అంటే మళ్లీ మళ్లీ కొలిస్తే వచ్చే తేడా, ఎక్కడా ఉండదు. జుగాడ్ మీద నా కోపం ఇక్కడే.

మోటారుతో సిరంజిని నెట్టే సిరంజి పంపు గురించి ఎక్కువ చెప్పను, చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో జాషువా పియర్స్ బృందం 2014లో ప్లాస్ వన్ పత్రికలో డిజైన్లన్నీ అందరికీ తెరిచి పెట్టింది. అడుగడుగుగా తిరిగే స్టెప్పర్ మోటారు, దాన్ని నడిపే ఆర్డుయినో బోర్డు, థ్రెడ్ రాడ్డు అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. లెక్క చూస్తే మురిపిస్తుంది: మోటారు చుట్టుకు 200 అడుగులు, డ్రైవరు ఒక్కోదాన్ని పదహారు ముక్కలు చేస్తుంది, ఎనిమిది మిల్లీమీటర్ల రాడ్డు చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు జరుగుతుంది. పద్నాలుగున్నర మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సిరంజితో ఒక్కో చిన్న అడుగుకు 0.06 మైక్రోలీటరు. ఇది కాగితం మీద మాట. నిజంలో నట్టుకు ఆట ఉంటుంది, రబ్బరు పిస్టను ఆగి ఆగి జారుతుంది. దిశ మార్చిన వెంటనే వచ్చేదాన్ని పారబోసి, ఎప్పుడూ ఒకే దిశలో నెట్టుకుంటూ పోతేనే ఆ అంకెకు దగ్గరగా పోగలం.

ఆ రబ్బరు పిస్టనుతో ఇంకో ముప్పు ఉంది. రబ్బరులో జింకు ఉంటుంది. పొలం మట్టిలో జింకు కొలుద్దామని నల్ల రబ్బరు ఉన్న సిరంజితో నమూనా ఎక్కిస్తే, మట్టిలో లేని జింకు కూడా దొరుకుతుంది. దానికి రబ్బరు లేని, మొత్తం ప్లాస్టిక్ సిరంజి కావాలి. స్టీలు సూది ఆమ్లంలో ఇనుము, క్రోమియం, నికెల్ వదులుతుంది. ఫ్లోరైడ్ స్టాండర్డును గాజు సీసాలో పెట్టకూడదు, ప్లాస్టిక్‌లోనే ఉంచాలి. పీవీసీ గొట్టం ఫ్లోరైడ్‌కు ఏమీ చేయదు కానీ క్రొమటోగ్రఫీకి వాడితే అందులోని ప్లాస్టిసైజరు (గొట్టాన్ని మెత్తగా ఉంచే రసాయనం) శిఖరమై లేస్తుంది. 3డీ ప్రింటరులో వాడే పీఎల్‌ఏ అరవై డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, కాబట్టి కిటికీ పక్కన ఎండ పడేచోట దాన్ని నమ్ముకోలేం. దానితో చట్రం చేసుకోండి, నమూనా తగిలే భాగం మాత్రం వద్దు. ఇవేవీ పరికరం ధరలో కనిపించవు. తప్పు సిరంజి పది రూపాయలే, తప్పు జింకు అంకె చూసి రైతు ఆపేసిన జింకు సల్ఫేటు ఖరీదు ఎవరు కడతారు?

ఫ్లేమ్ ఫోటోమీటరుకు నెబ్యులైజరు చేసుకోవడం ఆశపెట్టే పని. ఇంజెక్షన్ సూదులు రెండు, లంబంగా. ఒకదాంట్లోంచి గాలి, అది రెండోదాని మూతి మీదుగా కొడితే ద్రావణం పైకి లేచి తుంపరవుతుంది. 22 గేజి సూదికి లోపలి వ్యాసం 0.41 మిల్లీమీటర్లు, 26 గేజికి 0.26. మట్టి నుంచి అమ్మోనియం ఎసిటేటుతో తీసిన పొటాషియం కొలవడానికి ఇది సరిపోతుంది. ద్రావణం తటస్థం, స్టీలు ఊరుకుంటుంది. ఉప్పు పట్టి మూసుకుపోతే కొత్త సూది పెట్టుకోవడమే, ఎవరికీ ఫోను చేయనక్కర్లేదు. దీనికంటే సులువుగా కనిపించి మోసం చేసేది ఆయాసానికి వాడే నెబ్యులైజరు కప్పు. అయిదు మైక్రాన్ల లోపు చుక్కలు అద్భుతంగా వస్తాయి. కానీ పెద్ద చుక్కలు తిరిగి కప్పులోకే రాలతాయి, నీరు ఆవిరై పోతూ ఉంటుంది, కప్పులోని ద్రావణం చిక్కబడుతూ పోతుంది. మొదటి నిమిషం అంకె, అయిదో నిమిషం అంకె ఒకటి కావు. దాని జోలికి పోకపోవడమే మేలు.

చేయకూడనివీ కొన్ని ఉన్నాయి, ఇక్కడ మొహమాటం లేదు. మంట ఉన్న పరికరంలో డ్రెయిన్ గొట్టాన్ని ముట్టుకోకూడదు. అందులో నిలిచే నీటి అడ్డే వాయువు బయటికి రాకుండా, మంట వెనక్కి తన్నకుండా కాపాడేది. ఎసిటిలీన్ గొట్టాలకు రాగి పైపు తగిలించకూడదు, రాగి ఎసిటిలైడ్ పేలుతుంది. ఆర్సెనిక్‌ను వాయువుగా మార్చి కొలిచే హైడ్రైడ్ పద్ధతిని ఫ్యూమ్ హుడ్ లేని గదిలో పెట్టకూడదు, పుట్టే ఆర్సీన్ వాయువు ప్రాణాంతకం. పిల్లల ఉత్సాహాన్ని నీరుగార్చకూడదని ఈ మాటలు మెత్తగా చెప్పే అలవాటు మా వృత్తిలో ఉంది. గట్టిగానే చెప్పాలి.

చౌటుప్పల్, జడ్చర్ల ఫార్మా ప్లాంట్లలో పనిచేసే నా పాత విద్యార్థులు అడుగుతారు: "సార్, మా క్యూసీలో ఇసొంటివి పెట్టనిస్తరా?" క్యూసీ అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగం. అక్కడ పెట్టనివ్వరు, పెట్టనివ్వకూడదు కూడా. మందు బ్యాచిని బయటికి వదిలే పరీక్షకు ప్రతి పరికరానికీ క్వాలిఫికేషన్ పత్రాలుండాలి, ప్రతి అంకె వెనక చెరపలేని రికార్డుండాలి. ఆ లోకం వేరు. కానీ అదే క్యూసీలో నమూనాలను తనంతట తానే ఎక్కించే ఆటోశాంప్లరు క్యారీఓవర్ (ముందు నమూనా ఎంగిలి) చూపిస్తే, దాన్ని లోపలెక్కడ వెతకాలో స్టాప్‌కాక్ లూపు బిగించిన చేతికి తెలుస్తుంది. తెర మీద బొత్తాలు నొక్కడం మాత్రమే నేర్చినవాడు సర్వీసు ఇంజనీరు కోసం చూస్తూ కూర్చుంటాడు. ఉద్యోగాలివ్వని చదువు అని మన డిగ్రీలను తిట్టేవాళ్లు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

డబ్బు అసలు అడ్డంకి కాదని నాకు తోస్తుంది. అడ్డంకి స్టాకు రిజిస్టరు. అందులో సరఫరాదారు పేరు, బిల్లు నంబరు, వారంటీ గడులు ఉన్నాయి. "ఇక్కడే చేసినది" అన్న గడి లేదు. కొన్న వస్తువు పదేళ్లు గుడ్డ కింద పడుకున్నా ఆడిట్‌కు అభ్యంతరం లేదు, అది లెక్కలో ఉంది కాబట్టి. చేసిన వస్తువు రోజూ పనిచేస్తున్నా లెక్కలో లేదు. విడి భాగాలను కన్స్యూమబుల్స్ కింద రాస్తే "కెమిస్ట్రీ వాళ్లకు సెలైన్ సెట్లెందుకు?" అని ఎర్ర సిరాతో ప్రశ్న. వారంటీ పోతుందన్న భయం ఇంకొకటి. వారంటీ ఎప్పుడో అయిపోయిన పరికరాల మీద కూడా ఆ భయం పోదు. కాలేజీలకు ఏటా వచ్చే ల్యాబు నిధుల్లో కొంత భాగం "తయారీ" అన్న పద్దు కింద ఖర్చు పెట్టుకోనివ్వాలి. దానికి బిల్లులతో పాటు నేను పైన చెప్పిన నాలుగు పరీక్షల కాగితం జత చేయమనాలి. ఆడిటరుకు కాగితమే కావాలంటే ఇదిగో, బిల్లుకంటే మంచి కాగితం.

మా సెట్టుకు ఇంకా తీరని జబ్బు ఒకటుంది, బుడగలు. 20 డిగ్రీల దగ్గర నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 40 దగ్గర ఆరున్నర కూడా పట్టుకోలేవు. పొద్దుటి చల్లదనంలో నింపిన సీసా మధ్యాహ్నానికి వేడెక్కి, మిగిలిన గాలిని గొట్టంలోనే వదులుతుంది. డ్రిప్ ఛాంబరు దాటాక పుట్టిన బుడగను ఆపేది ఏదీ లేదు. అది పోయి స్ఫటికం మొహం మీద కూర్చుంటుంది, అంకె ఒక్కసారిగా ఎగిరిపోతుంది. ఎలక్ట్రోడును నిటారుగా కాక ఏటవాలుగా బిగిస్తే చాలా బుడగలు జారిపోతున్నాయి, అన్నీ కాదు. నీళ్లు మరిగించి చల్లార్చి నింపడం పనిచేస్తుంది కానీ అయిదు లీటర్లు మరిగించే ఓపిక రోజూ ఉండదు. బయటికిపోయే గొట్టం చివరను కొంచెం పైకెత్తి లోపల ఒత్తిడి పెంచి చూడాలని ఉంది. ఎత్తినకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి సీసా కూడా అంత పైకి పోవాలి. మా గది పైకప్పుకు కొక్కెం ఉంది. వచ్చే ఎండాకాలానికి ముందే అక్కడికి కట్టాలి.